నిశాని నుంచి మిషను దాకా: వేలిముద్రకు పెట్టిన పరీక్షలు

మన సంచికకు ఈసారి ఏదైనా చరిత్ర రాయమని సంపాదకులు అడిగినప్పుడు, 71 యుద్ధం గురించో, మా కోర్ గురించో రాస్తానని ఆయన అనుకొని ఉంటారు. నేను రాస్తున్నది వేలిముద్ర గురించి. దీనికి కారణం సూరత్‌లో కలిసిన ఒక రిటైర్డ్ నాయక్.

2019 నవంబరులో మా అబ్బాయి ఉద్యోగరీత్యా సూరత్‌లో ఉంటే వెళ్లి నెల రోజులు ఉన్నాను. లింబాయత్ వైపు వెళ్తే మన ఊళ్లో ఉన్నట్టే ఉంటుంది. సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్, నల్లగొండల నుంచి తరాలుగా వలస వెళ్లిన పద్మశాలీలు, ఇతర తెలుగువాళ్లు వేల కుటుంబాలున్నాయి. మునిసిపాలిటీ తెలుగు మీడియం బడులు కూడా నడుపుతూ వచ్చింది. అక్కడ ఒక టీ కొట్టు దగ్గర ఈ నాయక్ పరిచయమయ్యాడు. 1970లో భర్తీ అయి, పదిహేడేళ్లు ఇన్‌ఫాంట్రీలో చేసి, రిలీజయ్యాక బావమరిది వెంట సూరత్ వచ్చి పవర్‌లూమ్‌లో చేరాడు. పవర్‌లూమ్‌ను వాళ్లు సాంచా అంటారు. నేను సుబేదార్‌గా రిటైరయ్యానని తెలియగానే లేచి నిలబడ్డాడు. వద్దని కూర్చోబెట్టాను.

"సాబ్, నేను బతికున్నట్టు మిషన్ ఒప్పుకుంటలేదు" అన్నాడు.

నవంబరు అంటే మన పెన్షనర్లకు లైఫ్ సర్టిఫికెట్ నెల. 2014 నవంబరు 10న జీవన్ ప్రమాణ్ ప్రారంభమైనప్పటి నుంచి బ్యాంకుకు వెళ్లి మేనేజరు ముందు నిలబడక్కర లేకుండా, వేలు పెట్టి ఇంటి దగ్గర్నుంచే ఆ పని చేసుకోవచ్చు. మంచి ఏర్పాటే. కానీ ఈయన వేలు మిషనుకు అందడం లేదు. ఒక సెంటర్లో ఐదుసార్లు, ఇంకో సెంటర్లో ఏడుసార్లు పెట్టాడట. చెయ్యి చాపి చూపించాడు. బొటనవేలు, చూపుడువేలు నున్నగా, అరిగిపోయిన రూపాయిలా ఉన్నాయి. "ముప్పై ఏండ్లు తెగిన దారం ముడేసినం సాబ్. ఇంకేం ముద్ర ఉంటది?" అన్నాడు.

నేను ఇ.ఎం.ఇ.లో పనిచేసినవాణ్ణి. ఏదైనా పరికరం పనిచేయలేదంటే మాకు మొదట వచ్చే ప్రశ్న ఒకటే: దీన్ని ఎవరు పరీక్షించి పాస్ చేశారు, ఏ స్పెసిఫికేషన్ ప్రకారం? ఆ ప్రశ్న పట్టుకొని వెనక్కి వెళ్తే కథ 160 ఏళ్లు వెనక్కి పోయింది. మొదలు మన దేశంలోనే, అదీ పెన్షన్ల దగ్గరే.

మన పాత దస్తావేజుల్లో చదువుకున్నవాడు చేవ్రాలు చేసేవాడు, చదువురానివాడు నిశాని పెట్టేవాడు. వేలిముద్రగాడు అనేది మన భాషలో తిట్టు. హిందీలో అంగూఠా ఛాప్ కూడా అంతే. అయితే ఆ ముద్ర ఎవరిదో తేల్చే విద్య మాత్రం అప్పుడు ఎవరి దగ్గరా లేదు. 1858లో, అంటే తిరుగుబాటు ఇంకా పూర్తిగా చల్లారకముందే, బెంగాల్లో జంగిపూర్ అధికారి విలియం హెర్షెల్ రోడ్డు పనికి సామాను సరఫరా చేసే రాజ్యధర్ కొనాయ్ అనే కాంట్రాక్టరు చేత ఒప్పందం వెనక అరచెయ్యి ముద్ర వేయించాడు. తరవాత సంతకం నాది కాదని ఎదురు తిరగకుండా భయపెట్టడానికే తప్ప అందులో శాస్త్రమేమీ లేదు. కానీ ఆయన ఆ ముద్రలు దాచుకుంటూ, ఏళ్ల తరబడి తనవీ ఇతరులవీ పోల్చి చూస్తూ పోయాడు. 1877లో హుగ్లీ మేజిస్ట్రేటుగా ఉన్నప్పుడు పెన్షనర్ల చేత, దస్తావేజుల రిజిస్ట్రేషన్లో, జైల్లో ఖైదీల చేత వేలిముద్రలు వేయించడం మొదలుపెట్టాడు. పెన్షనరు చనిపోయాక ఇంకెవరో వచ్చి ఆ పెన్షన్ తీసుకుపోవడం ఆ రోజుల్లో మామూలు. లైఫ్ సర్టిఫికెట్ మిషనుకు మూలపురుషుడు హెర్షెలే అనవచ్చు.

1880లో హెన్రీ ఫాల్డ్స్ నేచర్ పత్రికలో రాసిన లేఖ, 1892లో ఫ్రాన్సిస్ గాల్టన్ పుస్తకం అందరికీ తెలిసినవే. గాల్టన్ ముఖ్యంగా చెప్పింది ఏమిటంటే, గీతలు ఎక్కడ ఆగిపోతాయి, ఎక్కడ రెండుగా చీలిపోతాయి అన్నవే ఆనవాళ్లని. ఇప్పటి మిషన్లు కూడా ఆ చుక్కలనే లెక్కపెడతాయి. నాకు ఆసక్తి కలిగించింది మాత్రం ఆ తరవాతి ఘట్టం.

బెంగాల్ పోలీసు ఇన్‌స్పెక్టర్ జనరల్ ఎడ్వర్డ్ హెన్రీ దగ్గర పనిచేసిన అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు భారతీయులు వేలిముద్ర కాగితాలను వర్గాలుగా విడదీసే పద్ధతి తయారుచేశారు. పది వేళ్ల సుడులను బట్టి కాగితం 1,024 అరల్లో ఏదో ఒకదానిలోకి వెళ్తుంది. పేరు హెన్రీ పద్ధతి అని స్థిరపడింది, కష్టం వీళ్లది. గణితం పని హక్‌ది అని ఇప్పుడు పరిశోధకులు ఒప్పుకుంటున్నారు. వాళ్లిద్దరికీ బిరుదులు, నగదు బహుమతి ఆలస్యంగా వచ్చాయి. మన సర్వీసులో కూడా సైటేషన్ ఒకరికి, పని ఇంకొకరిది అయిన సందర్భాలు పాఠకులకు కొత్తకాదు.

అప్పట్లో పోలీసుల వాడకంలో ఉన్నది ఫ్రెంచివాడు బెర్టియాన్ పద్ధతి. తల పొడవు, వెడల్పు, ముంజెయ్యి పొడవు, పాదం పొడవు కొలిచి రాసుకోవడం. కొలిచేవాడి చెయ్యి కొంచెం వదులైతే కొలత మారిపోతుంది. దానికన్నా వేలిముద్ర మేలు అని హెన్రీ అన్నాడు. భారత ప్రభుత్వం ఆయన మాట మీద నమ్మేయలేదు. రెండు పద్ధతులనూ పోల్చి పరీక్షించడానికి కమిటీ వేసింది. అందులో సభ్యులు సర్వేయర్ జనరల్ ఆఫ్ ఇండియా మేజర్ జనరల్ స్ట్రాహాన్, కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీ ప్రిన్సిపాల్, రసాయన శాస్త్రజ్ఞుడు పెడ్లర్. ఒకరు కొలతలు తెలిసిన సైనికుడు, ఇంకొకరు ప్రయోగశాల మనిషి. ఇద్దరూ పోలీసులు కారు. 1897లో వాళ్లిచ్చిన నివేదిక వేలిముద్రకే ఓటేసింది. ఆ ఏడాదే కలకత్తాలో వేలిముద్రల బ్యూరో ఏర్పడింది. లండన్ స్కాట్లండ్ యార్డ్‌కు ఆ పద్ధతి వెళ్లింది 1901లో.

తయారుచేసినవాడూ, వాడేవాడూ కాని మూడో మనిషి పరీక్షించాలి. ఈ సూత్రం మనకు కొత్తకాదు. ఫ్యాక్టరీ చేసిన గుండు ఫ్యాక్టరీ మాట మీద తోపులోకి ఎక్కదు. బాలాసోర్ దగ్గర ప్రూఫ్ రేంజిలో పేల్చి చూశాకే లాట్ పాస్ అవుతుంది. వేలిముద్ర విషయంలో ఆ మూడో మనిషి 1897లో కలకత్తాలో ఒకసారి కనిపించి, తరవాత చాలాకాలం కనిపించకుండా పోయాడు.

ఈ మధ్యలో సూరత్ ప్రస్తావన ఒకసారి వస్తుంది. 1900లో హెన్రీని దక్షిణాఫ్రికాలో జొహన్నెస్‌బర్గ్, ప్రిటోరియా పోలీసు వ్యవస్థ ఏర్పాటుకు పంపారు. ఆయన వెంట వేలిముద్ర కూడా వెళ్లింది. కొన్నేళ్లకు ట్రాన్స్‌వాల్ ప్రభుత్వం అక్కడి భారతీయులందరూ పది వేళ్ల ముద్రలిచ్చి రిజిస్టర్ కావాలని చట్టం తెచ్చింది. ఆ భారతీయుల్లో సూరత్ జిల్లా నుంచి వెళ్లిన వ్యాపారులు చాలామంది. గాంధీ నాయకత్వంలో 1906 సెప్టెంబరు 11న జరిగిన సభ, 1908 ఆగస్టులో రిజిస్ట్రేషన్ కాగితాలను తగలబెట్టడం అందరూ చదువుకున్న చరిత్రే. అక్కడ గొడవ మిషను సరిగా పనిచేస్తుందా అన్నది కాదు, పరువుది. నేరస్థుల దగ్గర తీసుకునే ముద్ర మా దగ్గర ఎందుకు అన్నది. అది వేరే వ్యాసం అవుతుంది కాబట్టి ముందుకు వెళ్తాను.

ఇంకో సంగతి. సూరత్‌లో మొగలుల టంకశాల ఉండేది. రేవులో దిగిన పరాయి వెండిని అక్కడ రూపాయిలుగా కొట్టేవారు. ఊళ్లో సరాఫులు ప్రతి రూపాయినీ తూచి, ఏ ఏటిదో చూసి, పాతబడి అరిగిన దానికి వట్టం కోసేవారు. అరిగినంత మాత్రాన రూపాయి చెల్లదని అనేవారు కారు. మిగిలిన విలువకు తీసుకొనేవారు. మా నాయక్ వేలికి ఆ మాత్రం మర్యాద కూడా దక్కలేదు.

వేలిముద్ర పోల్చే పని కంప్యూటర్ల చేతికి వచ్చాక కంపెనీకో పద్ధతి తయారైంది. ఒకరి మిషను తీసిన ముద్ర ఇంకొకరి మిషనుకు అర్థం కాదు. రైలు గేజి వేరైతే సరిహద్దులో సరుకంతా దింపి ఎక్కించినట్టు. అమెరికాలో 1986లో ముద్రల మార్పిడికి తొలి ప్రమాణం వచ్చింది. ఎఫ్‌బిఐ అంగుళానికి 500 చుక్కల చొప్పున చిత్రం ఉండాలని నిర్ణయించింది. 2001 సెప్టెంబరు 11 దాడుల తరవాత తొందర పెరిగి, 2002లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ దీనికోసమే ఎస్‌సి 37 అనే ఉపసంఘాన్ని పెట్టింది. ఆ సంఘం ఇచ్చినవాటిలో 19794 వరస ముద్ర, ముఖం, ఐరిస్ ఏ రూపంలో దాచాలో చెబుతుంది; 19795 వరస పరీక్ష ఎలా చేయాలో, ఫలితం ఎలా రాయాలో చెబుతుంది. నిస్ట్ అనే అమెరికా ప్రమాణాల సంస్థ 2004లో మొదలుపెట్టిన మినెక్స్ పరీక్షలో ఒక సంగతి బయటపడింది. అందరికీ అర్థమయ్యే ఉమ్మడి రూపంలోకి ముద్రను మారిస్తే కచ్చితత్వం కొంత తగ్గుతుంది. తన సొంత పద్ధతిలో ప్రతి మిషనూ ఘనాపాఠీయే. అయినా అందరూ కలిసి నడవాలంటే ఆ నష్టం భరించాల్సిందేనని ప్రపంచం ఒప్పుకుంది.

పరీక్షలో ఏం చూస్తారన్నది మనకు సులువుగా అర్థమయ్యే విషయం. రాత్రి సెంట్రీ డ్యూటీ గుర్తు తెచ్చుకోండి. "థమ్, కౌన్ ఆతా హై?" సెంట్రీ రెండు రకాలుగా తప్పు చేయగలడు. శత్రువును మనవాడనుకొని లోపలికి వదలడం ఒకటి. పాస్‌వర్డ్ మరచిన మనవాణ్ణి శత్రువనుకొని ఆపేయడం ఇంకొకటి. మొదటి తప్పు తగ్గాలని కట్టుదిట్టం చేస్తే రెండోది పెరుగుతుంది. మిషనూ అంతే. ఏ కంపెనీ అయినా ఒక అంకె మాత్రమే చూపిస్తే నమ్మొద్దు. రెండో అంకె అడగండి. ఎంతమంది మీద పరీక్షించారో కూడా అడగాలి. 300 సార్లు పరీక్షించి ఒక్క తప్పూ రాకపోతే తప్పు సున్నా అని రాసుకోకూడదు. తప్పు నూటికి ఒకటికి మించదని 95 శాతం నమ్మకంతో చెప్పవచ్చు, అంతే. గణితంలో దీన్ని మూడు సూత్రం అంటారు. బ్రోచర్లలో మాత్రం ఎప్పుడూ సున్నాయే కనిపిస్తుంది.

అన్నిటికన్నా పెద్ద ప్రశ్న, ఎవరి వేళ్ల మీద పరీక్షించారు? 2009లో ఆధార్ సంస్థ ఏర్పడినప్పుడు ఎన్ఐసి అధిపతి బి.కె. గైరోలా అధ్యక్షతన బయోమెట్రిక్ ప్రమాణాల కమిటీ వేశారు. అప్పటిదాకా ప్రపంచంలో జరిగిన పరీక్షలు ఎక్కువగా పాశ్చాత్యుల వేళ్ల మీదే. గడ్డి కోసే చెయ్యి, ఇటుకలు మోసే చెయ్యి ఎలా ఉంటాయో లెక్క లేదు. కమిటీ ఎక్కువగా పల్లెల నుంచే 25,000 మంది ముద్రలు, రెండున్నర లక్షల చిత్రాలు తెప్పించి పరిశీలించింది. 2010లో ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, బీహార్ పల్లెల్లో ప్రయోగాత్మకంగా నమోదు చేసి చూశారు. పది వేళ్లతో పాటు రెండు కళ్ల ఐరిస్ కూడా తీసుకోవాలన్నది ఆ రోజుల్లోనే స్థిరపడింది. ఐరిస్ మన రాష్ట్రానికి అప్పటికే పరిచయం. 2005 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రేషన్ కార్డులకు ఐరిస్ తీశారు. మొదటి ఆధార్ 2010 సెప్టెంబరు 29న మహారాష్ట్ర నందుర్బార్ జిల్లా టెంభ్లీ అనే గిరిజన గ్రామంలో ఇచ్చారు. సూరత్ ఊరి అంచున ఉధ్నా స్టేషన్లో తపతి లైను బండెక్కితే నందుర్బార్ ఆ దారిలోనే వస్తుంది.

పరికరాల సర్టిఫికెట్ బాధ్యత కేంద్ర ప్రభుత్వపు ఎస్‌టిక్యూసి సంస్థది. చిత్రం నాణ్యత, కాంతి, వేడి, తేమ, దుమ్ము, కింద పడితే తట్టుకోవడం అన్నీ చూస్తారు. జెఎస్ఎస్ 55555 కింద ఎలక్ట్రానిక్ సామాను పరీక్షలు చూసినవాళ్లకు ఈ వరస పరిచయమే. నాకు ముచ్చటేసింది కూడా. కానీ జెఎస్ఎస్ పాసైన వైర్‌లెస్ సెట్టు సియాచిన్‌లో మొరాయించడం మనం చూడలేదా? సర్టిఫికెట్ పరికరానికి. వాడేచోటు, వాడే చెయ్యి వేరే. 2018 మార్చిలో సుప్రీంకోర్టు ముందు ఆధార్ సంస్థే ప్రభుత్వ సేవల్లో ధ్రువీకరణ 88 శాతం సఫలమవుతోందని చెప్పింది. మిగిలిన 12లో నెట్‌వర్కు లోపాలూ ఉంటాయి, మా నాయక్ లాంటివాళ్లూ ఉంటారు.

ఇక్కడ మన రాష్ట్రం అనుభవం చెప్పుకోదగ్గది. ఉపాధిహామీ కూలీకి, సామాజిక పెన్షన్లకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వేలిముద్ర స్మార్ట్ కార్డులు తెచ్చింది. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్తంకర్ 157 మండలాల్లో దాన్ని పరీక్షించి 2016లో ఫలితం ప్రచురించారు. డబ్బు త్వరగా అందింది, మధ్యలో కారిపోవడం తగ్గింది. అక్కడ కార్డు లేనివాడికి, ముద్ర పడనివాడికి డబ్బు ఆపేయలేదు. తరవాత అదే ముగ్గురు జార్ఖండ్‌లో రేషన్ మీద పరిశోధిస్తే, ముద్ర తప్పనిసరి చేసినచోట నిజమైన అర్హులకే కొందరికి బియ్యం అందలేదని తేలింది. రెండుచోట్లా మిషన్ వేలిముద్రదే. తేడా అంతా ముద్ర పడనివాణ్ణి ఏం చేయాలన్న ఆర్డర్లో ఉంది. నా ఉద్దేశంలో ఈ చరిత్ర మొత్తంలో ముఖ్యమైన ఫలితం ఇదే. ప్రమాణాల పుస్తకాల్లో దీనికి దక్కిన చోటు తక్కువ.

ఇక సెంట్రీ మొదటి తప్పు సంగతి. 2002లో యొకొహామా విశ్వవిద్యాలయంలో మత్సుమొతో బృందం వంటింట్లో దొరికే జెలటిన్‌తో దొంగ వేలు చేసి 11 మిషన్లను పరీక్షిస్తే, చాలాసార్లు ఆ వేలికి దారి దొరికింది. దొంగ వేలిని పట్టుకొనే పరీక్షకు ఐఎస్ఓ ప్రమాణం, 30107, మాత్రం 2016, 2017ల్లో గాని రాలేదు. ఆ ఆలస్యానికి మూల్యం మన ప్రాంతంలోనే చెల్లించారు. 2018 జూన్‌లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో ఒక సిమ్ కార్డుల వ్యాపారిని పోలీసులు పట్టుకున్నారు. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో ఉన్న భూముల దస్తావేజుల నుంచి వేలిముద్రలు దించుకొని, రబ్బరు స్టాంపులు చేసే యంత్రంతో వేళ్లు తయారుచేసి, వేలకొద్దీ సిమ్‌లు యాక్టివేట్ చేశాడని వాళ్లు చెప్పారు. మోసం ఆపాలని హెర్షెల్ 1877లో దస్తావేజు మీద వేయించిన ముద్రే 141 ఏళ్లకు మోసానికి అచ్చుగా పనికొచ్చింది.

అదే ఏడాది మొదట్లో సూరత్‌లో ఇంకో రకం బయటపడింది. ఇద్దరు రేషన్ దుకాణదారులు కార్డుదారుల వివరాలు, వేలిముద్రల డేటా నింపిన అక్రమ సాఫ్ట్‌వేర్ సంపాదించి, రాని మనుషులు వచ్చి సరుకు తీసుకున్నట్టు బిల్లులు సృష్టించారని పోలీసులు అరెస్టు చేశారు. ఇక్కడ దొంగ వేలు కూడా అక్కర లేదు. మిషను పాసైనా, దాని వెనక వైరు దగ్గర దొంగ కూర్చున్నాడు. అందుకే 2017 నుంచి పరికరాన్ని రిజిస్టర్ చేసి, ముద్ర తీసిన క్షణంలోనే గుప్తంగా మార్చి సంతకం చేయించడం మొదలుపెట్టారు. ఎల్1 అనే కొత్త రకంలో ఆ పని పరికరం లోపలే, బయటి కంప్యూటరు చూడలేని చోట జరుగుతుంది. 2023 ఫిబ్రవరిలో గీతల చుక్కలతో పాటు వేలి చిత్రాన్నీ కలిపి, అది ప్రాణమున్న వేలేనా అని చూసే ఏర్పాటు వచ్చింది. కట్టుదిట్టం పెరిగినప్పుడల్లా రెండో తప్పు ఎంత పెరిగిందో కూడా ఎవరైనా లెక్కేసి ప్రజలకు చెబితే బాగుంటుంది.

నాయక్ పని ఆ నవంబరులో ఏమైందంటే, ఆయన్ని తీసుకొని బ్యాంకుకు వెళ్లాను. కౌంటరు దగ్గరున్న కుర్రవాడు, "డిజిటలే కావాలి అంకుల్, కాగితం తీసుకోం" అన్నాడు. మేనేజరును కలిసి, కాగితం మీద లైఫ్ సర్టిఫికెట్ ఇప్పటికీ చెల్లుతుందని అడిగేసరికి ఆయన మారు మాట్లాడకుండా ఫారం ఇచ్చాడు. పావుగంట పని. అంతకుముందు నాయక్ పదకొండు రోజులు తిరిగాడు, లూమ్ మీద అన్ని రోజుల కూలీ పోయింది. మనవాళ్లు ఎవరికైనా మిషన్ అందకపోతే ఐరిస్ పరికరం ఉన్న సెంటర్ అడగాలి, అదీ లేకపోతే కాగితం ఫారం అడగాలి. కౌంటరు దగ్గర కాదన్నా మేనేజరు దగ్గరికి వెళ్లాలి.

2021 నవంబరులో ముఖం చూసి లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి వచ్చింది. మరుసటి ఏడు నాయక్ మనవడు ఫోన్లో అది చేసి, నాకు వీడియో కాల్ చేశాడు. కళ్లజోడు తీసి, రెప్ప కొట్టమంటే కొట్టాడట, ఒక్కసారికే అయిపోయింది. పెద్దాయన ఫోన్ తీసుకొని, "అయింది సాబ్. కానీ ఎందుకైనా మంచిదని కాగితం గూడ ఇచ్చొచ్చిన" అన్నాడు.